సర్దుకుపొమ్మని చెప్పని ఉద్యోగం

మా తరం తెలుగువాళ్ళకి కౌన్సెలింగ్ అన్న మాట మనసు డాక్టర్ల దగ్గర్నించి రాలేదు. ఎంసెట్ దగ్గర్నించి వచ్చింది. ర్యాంకు కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయం సర్టిఫికెట్టు, రెండు సెట్ల జిరాక్సులు పట్టుకుని వెళ్తే మిగిలిన సీట్లలో నీకు ఏది వస్తుందో చెప్పేవాళ్ళు. దాని పేరు కౌన్సెలింగ్. ఆ తర్వాత ఇదే మాట జిల్లా పేపర్లో కనపడేది. రౌడీషీటర్లకు కౌన్సెలింగ్. పోలీస్ స్టేషన్లో దంపతులకు కౌన్సెలింగ్. ఎవడైనా బైక్ మీద ముగ్గురిని ఎక్కించుకుని దొరికితే, సీఐ గారు తల్లిదండ్రుల్ని పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చారు.

ఈ రెండు వాడుకల్లో ఒక పోలిక ఉంది. ఇచ్చేవాళ్ళకి ముందే అన్నీ తెలుసు. మొదటిచోట జాబితా తయారుగా ఉంటుంది, రెండోచోట తీర్పు తయారుగా ఉంటుంది. తమకి జవాబు తెలియని ప్రశ్న ఒక్కటి కూడా వాళ్ళు అడగక్కర్లేదు. క్రియ కూడా గమనించండి: కౌన్సెలింగ్ 'ఇస్తారు'. ఎదుటి మనిషి తీసుకుంటాడు. తీసుకుని సర్దుకుపోతాడు.

ఇదంతా ఎందుకంటే, మా పిన్ని కూతురు ఈ ఉద్యోగం చేస్తానంటోంది. వాళ్ళది జగ్గయ్యపేట, మాది నందిగామ. హైదరాబాదులో సైకాలజీ ఎమ్మెస్సీ పూర్తి చేసింది. ఇప్పుడు వలస వచ్చినవాళ్ళకీ మైనారిటీలకీ, అంటే తనది కాని భాషా ఆచారమూ ఉన్న మనుషులకి, కౌన్సెలింగ్ చెయ్యడం ప్రత్యేకంగా నేర్చుకోవాలనుకుంటోంది. బయటి దేశంలో చదవడమా, ఇక్కడే ఉండడమా అన్నది తేలలేదు. బాబాయి ఒకటే అన్నాడు: "మాటలు చెప్తే జీతమిస్తారా! నేనిన్నాళ్ళూ ఊరికే చెప్పానే." పిన్ని నవ్వలేదు, దాని పెళ్ళి ఏమవుతుందోనని ఆవిడ లెక్క. ఆ పిల్ల నన్ను అడిగింది మాత్రం జీతం గురించి కాదు. "అన్నయ్యా, అవతలి మనిషి బతుకు నాకు తెలియనప్పుడు, ఆ మనిషికి సలహా చెప్పే హక్కు నాకెక్కడిది?"

నేను కోడు రాసుకునేవాడిని. పుస్తకాల మీద అప్పుడప్పుడు వ్యాసాలు రాస్తానంతే. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఈ ప్రశ్నకి ఆ వృత్తిలో ఒక చరిత్ర ఉంది. 1981లో డెరల్డ్ వింగ్ సూ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక పాఠ్యపుస్తకం రాశాడు. ఆయన చైనీస్ వలస కుటుంబంలో పుట్టినవాడు. పుస్తకం పేరు 'కౌన్సెలింగ్ ద కల్చరల్లీ డిఫరెంట్'. సంస్కృతిలో వేరైనవాళ్ళకి కౌన్సెలింగ్ అన్నమాట. తర్వాతి ముద్రణల్లో 'డిఫరెంట్' తీసేసి 'డైవర్స్' అని పెట్టారు. చిన్న మార్పే, కానీ కారణం ఊహించొచ్చు. వేరు అంటే ఎవరికి వేరు? ఆ మాట వాడినప్పుడల్లా మధ్యలో ఒక మామూలు మనిషి నిలబడి ఉంటాడు. తెల్లవాడు, మధ్యతరగతి, ఇంగ్లీషు మాట్లాడేవాడు. మిగిలినవాళ్ళు అతన్నించి ఎంత దూరమో కొలుస్తాం.

మా ఫీల్డులో ఆ మామూలు మనిషిని డిఫాల్ట్ అంటాం. తెలుగువాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు. మన ఇంటిపేరు ముందుంటుంది, అమెరికా ఫారంలో చివరుండాలి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడిపోయినవాళ్ళకి వీసా మీద మొదటి పేరు దగ్గర 'ఎఫ్ఎన్‌యూ' అని వస్తుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. అమ్మానాన్నా పేరు పెట్టారు, ఊరంతా ఆ పేరుతో పిలిచింది. ఫారానికి మాత్రం తెలియదు. తప్పు ఫారానిదే అయినా బ్యాంకులో, ఆఫీసులో, డ్రైవింగ్ లైసెన్సు దగ్గర సంజాయిషీ చెప్పుకునేది మనిషే.

సూ, ఆయన సహచరులు ఈ వృత్తికి మూడు కావాలన్నారు. తన సొంత నమ్మకాల ఎరుక, ఎదుటివాళ్ళ లోకం గురించి జ్ఞానం, దానికి తగ్గ నైపుణ్యం. 1998లో మెలనీ టెర్వలాన్, జాన్ మరే-గార్సియా అనే ఇద్దరు డాక్టర్లు దీనికి ఒక సవరణ చెప్పారు. వేరే సంస్కృతిని ఒక సిలబస్ లాగా చదివి పాసైపోవడం కుదరదన్నారు. కావలసింది వినయం అన్నారు, అదీ జీవితాంతం. హిందువులకి ఇది ఇష్టం, ముస్లింలకి ఇది పడదు, తెలుగువాళ్ళు పెద్దల మాట జవదాటరు అని పట్టిక రాసుకున్న కౌన్సెలరు, ఏమీ తెలియనివాడి కంటే ప్రమాదం. తెలియనివాడు కనీసం అడుగుతాడు.

అడగడం అంటే ఏమిటో ఒక తెలుగు మాటతో చూద్దాం. బెంగ. పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే మా అమ్మమ్మ అడిగే మొదటి ప్రశ్న, "ఎవరి మీదైనా బెంగ పెట్టుకున్నాడేమో చూశారా?" డిప్రెషన్ అన్న మాట మనిషి లోపల ఉండేదాన్ని చెబుతుంది. బెంగ ఎప్పుడూ ఒకరి 'మీద' ఉంటుంది. అమ్మ మీద, ఊరి మీద, చనిపోయిన గేదె మీద. ఆ విభక్తిలోనే కారణమూ ఉంది, సగం వైద్యమూ ఉంది. టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్న కుర్రవాడు నిద్ర పట్టట్లేదని యూనివర్సిటీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే, ఆవిడ ప్రశ్నాపత్రం ఇస్తుంది. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు, ఎంత తీవ్రంగా. స్కోరు వస్తుంది. ఆ స్కోరు అబద్ధం కాదు, పనికిరానిదీ కాదు. కానీ 'మీద' అన్నది అందులో రాలిపోయింది. అప్పు తెచ్చి పంపిన నాన్న మీదా, ఫోన్లో బావున్నానని చెప్పే అమ్మ మీదా?

ఆర్థర్ క్లైన్‌మన్ అనే సైకియాట్రిస్టు, ఆంత్రొపాలజీ కూడా చదివినవాడు, 1970ల చివర్లో డాక్టర్లకి కొన్ని ప్రశ్నలు నేర్పాడు. ఈ జబ్బుకి మీరేం పేరు పెట్టుకున్నారు? ఎందుకొచ్చిందనుకుంటున్నారు? ఇప్పుడే ఎందుకొచ్చింది? దీనివల్ల మీకు అన్నిటికంటే దేనికి భయం? ఏ వైద్యం దొరికితే బావుండుననుకుంటున్నారు? మా అమ్మమ్మ అడిగింది వీటిలో ఒకటి. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో హరారేలో ఊరి అమ్మమ్మలకే శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో చెక్క బెంచీల మీద కూర్చోబెట్టాడు. అక్కడ డిప్రెషన్ అనరు, షోనా భాషలో 'కుఫుంగిసీసా' అంటారు. ఆలోచనలు ఎక్కువైపోవడం. మనమూ అదే అంటాం కదా! ఆ బెంచీల పని తీరు మీద జరిగిన ట్రయల్ ఫలితాలు 2016లో ఒక పెద్ద అమెరికన్ వైద్య పత్రికలో వచ్చాయి. అమ్మమ్మల దగ్గర కూర్చున్నవాళ్ళకి మామూలు వైద్యం అందినవాళ్ళ కంటే బాగా నయమైంది.

ఇక్కడిదాకా కథ హాయిగా ఉంది. ఎదుటివాళ్ళ భాష తెలుసుకో, వాళ్ళ మాటల్లో విను, వినయంగా ఉండు. ఇంతే అయితే మా చెల్లికి జవాబు దొరికినట్టే. నాకు అనుమానం వచ్చింది ఇక్కడే.

సంస్కృతి తెలిసినవాళ్ళు మనకేమీ తక్కువ లేరు. అమెరికాలో ఒక తెలుగు అమ్మాయి భర్త చేతిలో దెబ్బలు తింటోందనుకోండి. ఆవిడది హెచ్-4 వీసా, అతని హెచ్-1బీ మీద ఆధారపడినది. ఆ వీసా మీద ఉన్నవాళ్ళలో కొందరికి ఉద్యోగం చేసే అనుమతి 2015లో గానీ రాలేదు. అంతకు ముందు ఎవరికీ లేదు. అంటే అతన్ని వదిలితే ఇల్లే కాదు, దేశమే వదలాలి. ఇరవై మంది ఆంటీలకి, అంకుల్స్‌కి ఆవిడ సంస్కృతి క్షుణ్ణంగా తెలుసు. పిల్లల పేరు చెప్పాలా, చెల్లెలి పెళ్ళి పేరు చెప్పాలా, ఏ మాటకి ఆవిడ మెత్తబడుతుందో తెలుసు. ఆ జ్ఞానమంతా వాడి చెప్పేది ఒకటే: సర్దుకుపో అమ్మా.

తెల్లవాళ్ళు నడిపే షెల్టర్‌కి వెళ్తే ఇంకో సమస్య. తిండి, భాష, వీసా, ఏదీ వాళ్ళకి తెలియదు. 'అతన్ని వదిలెయ్యడానికి ఏం అడ్డం?' అని నిజాయితీగా అడుగుతారు. ఈ రెండిటి మధ్య ఖాళీలోనే కొందరు ఆడవాళ్ళు సొంత సంస్థలు పెట్టుకున్నారు. 1985లో న్యూజెర్సీలో మానవి, 1989లో న్యూయార్క్‌లో సఖి, 1991లో కాలిఫోర్నియాలో మైత్రి, 1995లో జార్జియాలో రక్ష. దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం దక్షిణాసియా ఆడవాళ్ళే పెట్టినవి. వాళ్ళకీ ఆ ఆంటీలకీ సంస్కృతి గురించిన జ్ఞానంలో తేడా ఏమీ లేదు. ఇద్దరికీ అదే ఆవకాయ, అదే పెళ్ళిచూపులు, అదే 'నలుగురూ ఏమనుకుంటారు'. తేడా అంతా ఆ జ్ఞానం ఎవరి పక్షాన పనిచేస్తోందన్నదాంట్లో ఉంది.

2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేతాలో శ్రీనివాస్ కూచిభొట్లని ఒకడు నీ దేశానికి పొమ్మని అరిచి కాల్చి చంపినప్పుడు, మనలో చాలామందికి మైనారిటీ అన్న మాట మొదటిసారి ఒంటికి తగిలింది. ఆ దుఃఖంలో ఉన్న ఆయన భార్యకి ఇంకో సంగతి తెలిసింది. భర్తతో పాటు ఆవిడ వీసా హోదా కూడా పోయింది. అక్కడి కాంగ్రెస్ సభ్యుడొకరు కలగజేసుకున్నాక ఆవిడ తిరిగి ఉండగలిగింది. ఇలాంటి మనిషి ఎదురుగా కూర్చున్న కౌన్సెలరుకి శోకం దశలు తెలిస్తే సరిపోదు, వలస చట్టం కూడా తెలియాలి. ఆవిడకి నిద్ర పట్టకపోవడానికి సగం కారణం ఒక ఆఫీసు ఫైల్లో ఉంది.

ఇంతవరకూ అమెరికా గురించి చెప్పాను. అది సులువు, అక్కడ మైనారిటీ మనమే. ఇప్పుడు మా ఊరికి రావాలి.

నందిగామ, జగ్గయ్యపేట కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ నించి ఎన్టీఆర్ జిల్లా. డెల్టా వాళ్ళలాగా మాకు కాలవ నీళ్ళ వరి తక్కువ. పత్తి, మిరప. సంక్రాంతి దాటాక కోతలు మొదలైతే ఊళ్ళో మనుషులు చాలరు. బయటి ముఠాలు దిగుతాయి. కర్నూలు పడమటి మండలాల నించి పిల్లాపాపలతో కుటుంబాలు గుంటూరు, కృష్ణా, ఖమ్మం మిరప చేలకి వలస రావడం ఏటా జరిగేదే. ఖమ్మం, ములుగు వైపు బస్తర్ నించి కోయలు, గోండులు వస్తారు. 2005 తర్వాత సల్వాజుడుం భయానికి అడవి దాటి వచ్చి అక్కడే ఉండిపోయినవాళ్ళు వేరే. వాళ్ళని గొత్తికోయలంటారు, ఇక్కడ వాళ్ళకి ఎస్టీ గుర్తింపు లేదు. కొండకి ఆ పక్క గిరిజనులు, ఈ పక్క ఏమీ కారు. మా వైపు సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ అద్దె గదుల్లో ఉత్తరాది కుర్రాళ్ళుంటారు. వాళ్ళని అందరూ 'హిందీ వాళ్ళు' అంటారు. బీహారా, ఒడిశానా, జార్ఖండా, ఎవరూ అడగరు.

ఒక మార్చి నెలలో మా ఊరి ఆర్ఎంపీ దగ్గర కూర్చుని ఉండగా, కోతకి వచ్చిన ఒకావిడని ముఠా మేస్త్రి తీసుకొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆవిడ భాష మాకెవరికీ రాదు. ఆర్ఎంపీ ఏమైందని అడిగాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. చెయ్యి పొట్ట మీద పెట్టింది, తర్వాత గుండె మీద, ఒకసారి ఎటో దూరంగా చూపించింది. నిమిషం పైన మాట్లాడింది. మేస్త్రి తెలుగులో చెప్పింది మూడు మాటలు. "కడుపునొప్పి. మాత్ర చాలు." ఇంజక్షన్ చేశారు, మాత్రలిచ్చారు, వెళ్ళిపోయారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. కానీ ఆవిడ పడుకుంటే ముఠాలో ఒక మనిషి తక్కువవుతుంది, నష్టం మేస్త్రిది. ఆ గదిలో రెండు భాషలూ వచ్చిన ఒకే ఒక్క మనిషికి, ఆవిడ మాటలు పొట్టిగా ఉండడమే లాభం.

అమెరికాలో 2016 నాటి ఆరోగ్య నిబంధనల్లో, అత్యవసరమైతే తప్ప పిల్లల్ని దుబాసీలుగా వాడకూడదని ఉంది. చదివినప్పుడు చాదస్తం అనిపించింది. ఇంట్లోవాళ్ళు చెప్తే తప్పేమిటి? ఆ మేస్త్రిని తల్చుకున్నాక అర్థమైంది. మాట మోసుకొచ్చే మనిషికి ఆ మాటతో సొంత లెక్క ఉండకూడదు. మరి ఇదే నియమం కౌన్సెలరుకి వర్తించదా? కంపెనీ జీతమిచ్చే కౌన్సెలరు, 'పని ఒత్తిడి' అన్న ఉద్యోగి మాటని కంపెనీకి ఎలా మోస్తాడు? ప్రాణాయామంగా మారుస్తాడా? వలస కూలీకి కాంట్రాక్టరు ఏర్పాటు చేసిన కౌన్సెలింగ్ క్యాంపు, ఆవిడ ఒక నిమిషాన్ని ఎన్ని మాటలకి కుదిస్తుంది?

వలస అనేది కొందరి పుట్టుకతో వచ్చే లక్షణం కాదని మా దారిలోనే రుజువైంది. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదటి రోజు, హైదరాబాదు హాస్టళ్ళు ఖాళీ చెయ్యమన్నాయి. పోలీసులు వెళ్ళొచ్చని పత్రాలు రాసిచ్చారు. వేలమంది కుర్రాళ్ళూ అమ్మాయిలూ బైకుల మీద, కార్లలో బయల్దేరి జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆగిపోయారు. ఇటువైపు పోలీసులు రానివ్వలేదు. పద్నాలుగు రోజుల క్వారంటైన్‌కి ఒప్పుకుంటేనే అన్నారు. ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు, కోచింగులకి వెళ్ళినవాళ్ళు. సొంత భాష, సొంత రాష్ట్రం, చేతిలో ఆధార్. అయినా ఒక రాత్రిలో 'బయటివాళ్ళు' అయిపోయారు. టీవీలన్నీ చూపించాయి, మంత్రులు మాట్లాడారు. మూడు వారాల తర్వాత, ములుగు జిల్లా మిరప చేల నించి ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలోని ఇంటికి నడిచి బయల్దేరిన ఒక పన్నెండేళ్ళ గిరిజన పాప, ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా దారిలో చనిపోయింది. మొదటి వార్త మావాళ్ళందరికీ గుర్తుంది. రెండోది గుర్తు చెయ్యాల్సి వస్తోంది. రెండూ ఒకే లాక్‌డౌన్, రెండూ ఇంటికి వెళ్ళే ప్రయాణాలే.

ఓదార్పు కూడా ఇలాగే అందరికీ సమానంగా అందదు. దీనికి మా ఊళ్ళ చరిత్రలోనే ఒక కథ ఉంది. జగ్గయ్యపేట అసలు పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరు మీద దాన్ని జగ్గయ్యపేట చేశాడు. ఈ జమీందారు గురించి ఈ ప్రాంతంలో అందరూ చెప్పుకునే కథనం ఒకటుంది. దోపిడీలు చేస్తున్నారని చెంచుల మీద కోపం వచ్చి, వందలమందిని భోజనానికని పిలిపించి తలలు నరికించాడు. అమరావతి వైపు ఉన్న నరుకుళ్ళపాడుకి ఆ పేరు దానివల్లే వచ్చిందంటారు. ఆ తర్వాత ఆయనకి అన్నం సయించలేదు. విస్తరి ముందు కూర్చుంటే మెతుకులు పురుగుల్లా కనపడేవి. పండితుల్ని అడిగాడు. వాళ్ళు చెప్పినట్టు అమరావతి చేరి, అమరేశ్వరుడి గుడి బాగుచేయించి, దానధర్మాలు చేస్తూ అక్కడే ఉండిపోయాడు. మనసు కుదుటపడింది.

దీన్ని కౌన్సెలింగ్ కథలా చదివి చూడండి. అన్నీ సరిగ్గా జరిగాయి. రోగి బాధ నిజం. ఆ పండితులకి ఆయన లోకం తెలుసు. పాపం, ప్రాయశ్చిత్తం, క్షేత్రం, దానం, ఆయనకి అర్థమయ్యే మాటల్లోనే వైద్యం చెప్పారు. క్లైన్‌మన్ ప్రశ్నలన్నిటికీ అందులో జవాబుంది. సాంస్కృతికంగా వంక పెట్టడానికి లేని చికిత్స. అందులో లేనిది ఒక్కటే, చెంచులు. మిగిలిన చెంచుల ఇళ్ళలో ఎవరికి అన్నం సయించలేదో, వాళ్ళు ఎవరిని అడిగారో కథలో లేదు. చంపినవాడి బెంగ మనదాకా వచ్చింది. పోయినవాళ్ళ మీద బెంగ పెట్టుకున్నవాళ్ళ సంగతి రాలేదు. కథనం అక్షరాలా జరిగిందా లేదా అన్నది చరిత్రకారుల పని. ఇన్నేళ్ళుగా మనం దాన్ని ఇలాగే చెప్పుకుంటున్నామన్నది మాత్రం నిజం.

అందుకని నాకు తోచింది ఇది. వేరే సంస్కృతి మనిషికి సలహా చెప్పే హక్కు ఆ సంస్కృతి తెలియడం వల్ల రాదు. తెలిసిన పండితులు తెలిసిన జమీందారుని ఓదార్చారు. తెలిసిన ఆంటీలు తెలిసిన అమ్మాయిని తిరిగి పంపిస్తున్నారు. ఆ గదిలో ఎవరు ఎవరి కోసం సర్దుకోవాలని అడుగుతున్నారో చూడగలగడం, ఆ అడగడాన్ని తన నోటితో తాను చెయ్యకపోవడం, హక్కు అంటూ ఏదైనా ఉంటే అక్కడ మొదలవుతుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. కౌన్సెలరు ఉద్యమకారుడు కాదు కదా? ఎదురుగా కూర్చున్న మనిషికి ఈ రాత్రి నిద్ర కావాలి. 'నీ బాధకి కారణం వ్యవస్థ' అంటే నిద్ర పట్టదు. నిజమే. పైగా సర్దుకుపోవడం ప్రతిసారీ ఓటమి కాదు. వలస వెళ్ళిన ప్రతివాళ్ళూ సర్దుకునే బతికారు. కొత్త తిండి, కొత్త చలి, పేరుని ముక్కలు చేసి పలికే నోళ్ళు, వీటన్నిటితో రాజీపడడంలో ఒక తెలివి, ఒక హాస్యం కూడా ఉంటుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. దెబ్బలు తిన్న ఆవిడ 'నేను వదలను, అతన్ని మార్చే దారి చూడండి' అంటే? ఆవిడ సంస్కృతికి బానిస అని తేల్చేసి, విడాకుల వైపు తోసే కౌన్సెలరు కూడా తన జాబితాలోంచి సీటు కేటాయిస్తున్నట్టే. ఎంసెట్ కౌన్సెలింగే, కాలేజీలు వేరు.

నేను చూసే తేడా ఇది. పర్యవసానం ఎవరు అనుభవిస్తారో నిర్ణయం వాళ్ళది. సర్దుకోవాలని ఆవిడే అనుకుంటే, దానికయ్యే ఖర్చంతా కళ్ళ ముందు పెట్టి, మనసు మారితే మళ్ళీ రావడానికి తలుపు తీసి ఉంచాలి. కౌన్సెలరు తరఫున ఎవరికో సౌకర్యంగా ఉంటుందని సర్దుకోమనడం వేరు. మాటలు రెండిట్లో ఒకటే కావచ్చు. అందుకే కిటికీలోంచి చూసేవాడికి తేడా తెలియదు, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది.

ఆన్ ఫాడిమన్ 1997లో రాసిన పుస్తకం ఒకటుంది. లావోస్ నించి కాలిఫోర్నియా వచ్చిన మాంగ్ శరణార్థుల పాప లియా లీ గురించి. పాపకి మూర్ఛ. తల్లిదండ్రుల దృష్టిలో అది ఆత్మ తప్పిపోవడం, కొంత దైవాంశ కూడా. డాక్టర్ల దృష్టిలో మెదడులో విద్యుత్తు తేడా. మందులు ఎన్నోసార్లు మార్చారు, సీసాల మీద రాసింది తల్లిదండ్రులు చదవలేరు. మందులు సరిగ్గా వెయ్యట్లేదని పాపని కొంతకాలం వేరే ఇంట్లో పెట్టారు. చివరికి పాప మెదడు దెబ్బతింది. ఆ పుస్తకంలో దుర్మార్గులు లేరు. డాక్టర్లు రాత్రింబవళ్ళు కష్టపడ్డారు, తల్లిదండ్రులు ప్రాణం పెట్టారు. కానీ సర్దుకోవాల్సింది ఎప్పుడూ ఒక పక్షమే. డాక్టర్లకీ ఒక సంస్కృతి ఉందనీ, అదీ కొంచెం జరగొచ్చనీ చాలా ఆలస్యంగా గానీ ఎవరికీ తోచలేదు.

వృత్తి సంగతికొస్తే, మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుకి 1992 చట్టం కింద పనిచేసే పునరావాస మండలి రిజిస్ట్రేషన్ కావాలి. కౌన్సెలర్ అన్న బోర్డుకి చాలాకాలం అలాంటి అడ్డేమీ లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఇప్పుడు వాళ్ళనీ లెక్కలోకి తెచ్చింది. అవసరం తక్కువేమీ లేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, రుగ్మతని బట్టి 70 నించి 92 శాతం మందికి వైద్యం అందట్లేదు. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్, 14416, ఇరవై భాషల్లో పనిచేస్తుందన్నారు. మంచిదే. కానీ ఆ ఇరవైలో ఒకటి వచ్చి ఉండాలి, చేతిలో ఫోన్ ఉండాలి, గుడిసెలో పక్కన ఎవరూ వినకుండా ఉండాలి. మిరప చేలో ఆ మూడూ ఒకేసారి దొరకడం కష్టం.

మా చెల్లికి నేను చెప్పినవి ఇంత పెద్దగా లేవు. నీకు జీతమిచ్చేది ఎవరో, నీ ఎదురుగా కూర్చునేది ఎవరో, మొదటి రోజే రెండు పేర్లూ ఒక కాగితం మీద రాసుకో. ఆ రెండు పేర్లకీ గొడవ వచ్చిన రోజు ఏం చేస్తావో ముందే ఆలోచించుకో. అమెరికా వెళ్తే చట్టం చదువు, ఇక్కడే ఉంటే గోండి నేర్చుకో. పోనీ ముందు ఒడియా. భాష మాట్లాడటం కోసమే కాదు, మేస్త్రి మూడు మాటల్లో కుదించినప్పుడు మిగతావి ఎటుపోయాయో తెలుసుకోవడం కోసం. హక్కు సంగతి అడిగావు కాబట్టి చెప్తున్నాను, అది డిగ్రీతో వచ్చి అక్కడే ఉండిపోయేది కాదు. కుర్చీలో కొత్త మనిషి కూర్చున్న ప్రతిసారీ మళ్ళీ సంపాదించుకోవాలి. కొందరు ఇవ్వరు. అప్పుడు నోరుమూసుకుని, వాళ్ళకి సరిపోయే ఇంకొకరి నంబరు ఇవ్వాలి.

ఇదంతా విని ఆ పిల్ల, "మరి జీతం ఎంతొస్తుందో కూడా ఎవరైనా చెప్తే బావుండు" అంది. ఆ లెక్క ఇంకా చూస్తున్నాం. అదీ న్యాయమైన ప్రశ్నే. అవతలివాళ్ళ కోసం సర్దుకోమని చెప్పకుండా ఉండాలంటే, చెప్పేవాళ్ళకి ముందు సొంత కాళ్ళుండాలి.